సమాధానము: తొర్రూరు సీమయందలి క్రైస్తవభక్తికి నొక శబ్దసాక్ష్యము

దేశచరిత్రమును శాసనములు, నాణెములు, కైఫీయతులు తెలుపునట్లే శబ్దములును దెలుపును. రాజు లెవ్వరు, యుద్ధము లెప్పుడు జరిగినవి, దేవాలయములకు మాన్యము లెవ్వ రిచ్చిరి అను ప్రశ్నలకు శాసనము లుత్తర మీయఁగలవు. ఆఁకలిలోను, రోగములోను, బంధువియోగములోను సామాన్యజను లేమి చెప్పుకొని మనసు కుదుటఁబఱచుకొని రను ప్రశ్నకు శాసనములు మౌనము వహించును. దానికిఁ బ్రత్యుత్తరము జనుల పాటలలోను, ప్రార్థనలలోను, వాడుకలో నిలిచిన మాటలలోను వెదకఁదగి యున్నది. అట్టి మాటలలో నొకటి "సమాధానము".

తెలుఁగు క్రైస్తవుల వాడుకయందు సమాధానశబ్దము మనశ్శాంతి, ఐకమత్యము, దైవముతోడి పొందిక యను నర్థములలో నిత్యము వినఁబడును. ఇతరుల వాడుకలోఁ బ్రత్యుత్తర మను నర్థమే ప్రసిద్ధము. క్రైస్తవకుటుంబమునఁ బెరిగిన బాలుఁడు పాఠశాలలో "మా యింట సమాధానము కలదు" అని వ్రాసినచో, ఉపాధ్యాయుఁడు దానిని దోషముగా నెంచి దిద్దుట సంభవింపవచ్చును. ఆ దిద్దుబాటు న్యాయమా? ఆ ప్రయోగము పరభాషనుండి వచ్చి చేరిన యపశబ్దమా, లేక ప్రాచీనార్థమును నిలుపుకొన్న సాధుప్రయోగమా? పైకిఁ జిన్నదిగాఁ గనఁబడు నీ ప్రశ్న వెనుక మఱియొక పెద్ద ప్రశ్న దాఁగి యున్నది. తెలుఁగు క్రైస్తవుల భక్తి పైనుండి తొడిగిన పరదేశపు టుడుపా, లేక యీ నేలయందే వేరూనినదా యనునదే యది. ఈ రెండు ప్రశ్నలను ఒక్కచోటఁ బరిశీలించుటకుఁ దొర్రూరు సీమ మిగులఁ దగిన స్థలము.

తొర్రూరు వరంగల్లునుండి ఖమ్మమునకుఁ బోవు త్రోవలో, వర్ధన్నపేట దాఁటిన పిదప వచ్చు నూరు. 1948 సెప్టెంబరు వఱకు నిది నైజాము రాజ్యములోనిది. 2016 అక్టోబరు వఱకు వరంగల్లు జిల్లాలో నుండి, అప్పుడు మహబూబాబాదు జిల్లా యేర్పడఁగా దానిలోఁ జేరినది. ఈ యూరికిఁ బడమటి దెసఁ బాలకుర్తియు, దాని చెంత బమ్మెరయుఁ గలవు. తూర్పు దెస, పూర్వము మానుకోట యనఁబడిన మహబూబాబాదును, దానికి దక్షిణముగా, కాజీపేట బెజవాడల నడిమి రైలుమార్గముమీద, దోర్నకల్లును గలవు. ఒక ప్రక్కఁ బాల్కురికి సోమనాథుని జన్మస్థానమును, పోతనామాత్యుని బమ్మెరయు; మఱియొక ప్రక్క భారతీయులలోఁ బ్రథముఁడుగా ఆంగ్లికన్ అధ్యక్షపదము నందిన వేదనాయకము సామ్యూల్ అజరయ్య పీఠస్థానము. ఈ నడుమ నున్న పల్లెలలో భక్తి యే మాటలను దొడిగికొన్నదో యెఱుఁగఁ గోరువారు ఈ రెండు దెసలనుగూడఁ జూడవలసి యుందురు.

మొదటఁ బడమటి దెస. సోమనాథుఁడు జానుతెనుఁగును, దేశిచ్ఛందమైన ద్విపదను బూని బసవపురాణమును రచించెను. పండితసభలకు దూరముగా నుండు జనులుగూడఁ బాడుకొనుట కనువైన ఛందమది. ఆ కావ్యమునందు భక్తుల యోగ్యతకుఁ గులము కొలఁబద్ద కాలేదు. రెండు శతాబ్దముల పిదపఁ బోతన గజేంద్రుని కథను దెలుఁగు వారి నిత్యపారాయణముగాఁ జేసెను. తన బలము తఱిగినదని తెలిసికొన్న పిదపనే యా ప్రాణి దైవమును బిలుచును. పిలిచిన పిదపనే దానికి ధైర్యము కుదురును. అక్షరము రాని వారికిని నోటికి వచ్చు నీ కథ, కష్టకాలమున భక్తుఁ డేమి చేయునను ప్రశ్నకు నీ సీమవా రిచ్చుకొన్న ప్రత్యుత్తరము. కాఁబట్టి శరణాగతి యను భావమును, పాటచే భక్తిని నిలుపుకొను పద్ధతియు క్రైస్తవబోధకులు వచ్చుటకుఁ బూర్వమే యిచ్చటఁ బాదుకొని యుండెను.

ఇంతమాత్రమున నిచ్చటి జీవితము ప్రశాంత మనుకొనరాదు. నైజాము పాలనమున దేశ్‌ముఖుల పెత్తనమును, వెట్టిచాకిరియు వరంగల్లు నల్లగొండ ప్రాంతములను బీడించినవి. విసునూరు దేశ్‌ముఖునితోఁ బోరాడి తన పంటను గాపాడుకొన్న చాకలి ఐలమ్మ పాలకుర్తి యామెయే. 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య కాల్పులలో నేలకొరిగిన కడివెండియు నీ సీమకుఁ జేరువనే యున్నది. భూమి లేనివారు, అంటరానివారని యూరి వెలుపల నుంచఁబడినవారు, వెట్టికిఁ బిలువఁగాఁ బనియు గంజియు విడిచి పోవలసినవారు - వీరికి మార్పు యనఁగాఁ దఱుచుగాఁ గీడే. వాన రాకపోవుట మార్పు; కలరా వచ్చుట మార్పు; దొర మాఱుట మార్పు. అట్టివారు ఊఱట యను మాట నెట్లు వాడిరో చూచుట యే ఈ విచారమునకుఁ బ్రాణము.

ఇఁకఁ దూర్పు దెస. తెలుఁగుదేశమున ప్రొటెస్టంటు బోధకుల పని 1805లో విశాఖపట్టణమున క్రాన్, డెస్‌గ్రాంజెస్ అను వారితో మొదలైనది. మచిలీపట్టణమున చర్చి మిషనరీ సంఘము 1841లో రాబర్టు నోబిల్, హెన్రీ ఫాక్సు అను వారి రాకతో నెలకొనెను. నైజాము రాజ్యమున దోర్నకల్లు సీమకు వచ్చిన బోధకుల వృత్తాంతము దీనికి భిన్నమైనది. వారు సముద్రము దాఁటి వచ్చినవారు కారు. 1903లో దక్షిణమునఁ దిరునెల్వేలిలోఁ దమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతోను, సొంత మనుష్యులతోను నొక భారతీయ మిషనరీ సంఘమును స్థాపించుకొని, దోర్నకల్లు ప్రాంతమును దమ పనికి నేలగా నెన్నుకొనిరి. ఆ సంఘస్థాపకులలో ముఖ్యుఁడు అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై గ్రామమున నొక గురువుగారి యింట జన్మించెను. మద్రాసు క్రైస్తవకళాశాలలోఁ జదివి, పెక్కేండ్లు యువజన క్రైస్తవసంఘమునకుఁ గార్యదర్శిగా దేశమంతటఁ దిరిగెను. 1909లో నా పదవిని విడిచి, గురుపట్టము నంది, దోర్నకల్లు చేరెను. అప్పటికాయన వయస్సు ముప్పదియైదేండ్లు. మాతృభాష తమిళము, తెలుఁగు నేర్చుకొనవలసి వచ్చెను. పట్టణములను, పెద్ద సభలను విడిచి, వేఱు రాజ్యమున, వేఱు భాషలో, పల్లెల నడుమఁ గాపుర ముండుట సామాన్యమైన మార్పు కాదు. 1912 డిసెంబరు 29వ తేదీనఁ గలకత్తాలోని సెయింటు పాల్ దేవాలయమున నాయన అధ్యక్షుఁడుగా నభిషిక్తుఁ డయ్యెను. తొలుతఁ గడుఁ జిన్నదైన దోర్నకల్లు అధ్యక్షఖండము కాలక్రమమునఁ గృష్ణామండల క్షేత్రములనుగూడఁ దనలోఁ జేర్చుకొని పెరిగినది. ఆ క్రైస్తవులలో నధికసంఖ్యాకులు మాల మాదిగ కులముల వారు.

1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచమిషనరీ సభలో అజరయ్య చేసిన ప్రసంగము చరిత్రప్రసిద్ధము. పాశ్చాత్యబోధకులు భారతీయులకొఱకు ధనమును, ప్రాణమును గూడ వ్యయించిరని యొప్పుకొనుచునే, వారివలనఁ గావలసినది సమానుల నడిమి స్నేహమని యాయన నిర్భయముగాఁ బలికెను. ఈ ప్రసంగమునకును బ్రస్తుతవిషయమునకును సంబంధము లేదని తోఁపవచ్చును, కాని యున్నది. దయ పైనుండి క్రిందికి జాఱును. స్నేహ మిరువురను ఒక్క పీఁటమీఁదఁ గూర్చుండఁబెట్టును. తక్కువవారని యెంచఁబడినవారికి నే యూఱట నిజమైన యూఱట యగునో ఆ ప్రసంగమున సూచితమైనది. ఈ సూచన దోర్నకల్లు భక్తిపదజాలమున నెట్లు నిలిచినదో ముందు తెలియఁగలదు.

దోర్నకల్లునందలి ఎపిఫనీ దేవాలయము నిర్మాణము ఏండ్లతరబడి సాగి, 1939 జనవరి 6వ తేదీనఁ బ్రతిష్ఠితమైనది. ఎపిఫనీ యనఁగాఁ బ్రత్యక్షమగుట. తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన క్రీస్తును దర్శించిన సంగతిని స్మరించు పండుగ యది. ఆ కట్టడమున హిందూదేవాలయముల స్తంభనిర్మాణమును, మహమ్మదీయశిల్పమునకుఁ జెందిన గుమ్మటములును, మినారులును గలసి యున్నవి. నైజాము సీమలో నివసించు క్రైస్తవుని కన్నులకు నలవాటైన రూపములనే ఆరాధనాస్థలమునకుఁ దెచ్చుట అజరయ్య యుద్దేశము. గుడి కట్టుటలో నవలంబించిన యీ విధానమునే పాటలోను, పండుగలోను నాయన యనుసరించెను. పంటకాలపుఁ గానుకల పండుగయు, తెలుఁగు కీర్తనలును, కథాగానమును దోర్నకల్లు పల్లెల యారాధనలో మన్నన గాంచినవి. బాప్తిస్మము పొందిన ప్రతివ్యక్తియుఁ దన తలమీఁదఁ జేయి యుంచుకొని, సువార్తను జాటకుండుట తనకు శ్రమ యని ప్రతిజ్ఞ చేయు నాచారముగూడ నచ్చట నుండెను. అంతవఱకు నితరుల యాజ్ఞలను వినుటయే తన పనియైన వాని నోట "నేను చెప్పుదును" అను మాట వచ్చుట యొక చిన్న విప్లవము.

పాటల ప్రసక్తి వచ్చినది గనుకఁ బురుషోత్తమ చౌదరిగారిని స్మరింపక ముందుకుఁ బోరాదు. ఆయన 1803లోఁ బర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833లోఁ గటకమున బాప్తిస్మము పొంది, 1890లోఁ బరమపదించెను. మతము మాఱిన నాఁటి బ్రాహ్మణునకు బంధువర్గముతోడి తెగతెంపు తప్పనిది. ఇల్లు, కులము, మర్యాద యనునవి యొక్కమాఱుగా దూరమైన వాని మనసున నేమి మిగులునో, ఆ మిగిలిన దానినిఁ గీర్తనలుగా నాయన రచించెను. నూఱుకు మించిన యాయన కీర్తనలు "ఆంధ్రక్రైస్తవకీర్తనలు" అను సంపుటమునఁ జేరి, నేఁటికిని దెలుఁగు క్రైస్తవులలో శాఖాభేదములేక పాడఁబడుచున్నవి. పల్లవి, అనుపల్లవి, చరణములు. శిరస్సున రాగతాళముల పేళ్లు - ఈ కూర్పంతయుఁ దెలుఁగు వాగ్గేయకారుల బాటలోనిదే. సర్కారు జిల్లాల యుత్తరపుఁ గొననఁ బుట్టిన యీ కీర్తనలు గోదావరి దాఁటి నైజాము పల్లెలకుఁ జేరినవి. పుస్తకము చదువలేనివారికి ఉపదేశి యొక చరణమును బాడి వినిపింపఁగాఁ దక్కినవారు దానిని దిరుగఁ బాడుదురు. ఆ విధముగా గ్రాంథికపదములు, సంస్కృతసమాసములు గూడఁ గూలిజనుల నోట నిలిచినవి. బడిలోఁ గాలుపెట్టుటకు వీలు లేనివారికిఁ గీర్తన బడియైనది. సాహిత్యచరిత్రకారులు విశేషముగా గమనింపఁదగిన యంశమిది.

ఇఁక శబ్దవిచారము. బైబిలు తెలుఁగులో నూఱట యొక్క భావమును దెలుపు మాటలు పెక్కులు గలవు: శాంతి, సమాధానము, విశ్రాంతి, నెమ్మది, ఆదరణ. వీనికి మూలమైనవి విశ్వాసము, నమ్మిక. ఇందు నమ్మిక, నెమ్మది యనునవి దేశ్యములు. నెమ్మదికిఁ గన్నడమునందును, దమిళమునందును దోఁబుట్టువులు గలవు. తక్కినవి సంస్కృతధాతుజములు.

మొదట విశ్వాసశబ్దము. ఇది వి యను నుపసర్గముతోఁ గూడిన శ్వస్ ధాతువునకు ఘఞ్ ప్రత్యయము చేరఁగా నేర్పడినది. ఆ ధాతువునకుఁ బ్రాణనము, అనఁగా నూపిరి విడుచుట, అర్థము. భయమున్నవాఁడు ఊపిరి బిగఁబట్టును. భయము తీఱినవాఁడు హాయిగా విడుచును. ఎవ్వనియొద్ద నిశ్చింతగా నూపిరి విడువఁగలమో వాఁడే విశ్వాసపాత్రుఁడు. ఆశ్వాసము, నిశ్వాసము అను శబ్దములు దీని సోదరులు. కాఁబట్టి నమ్మకమునకును మనశ్శాంతికిని గల సంబంధము విశ్వాసశబ్దము పుట్టుకలోనే యున్నది. శ్రద్ధాశబ్దమున నీ యంశము లేదు; అది శ్రత్ అను దానిపై ధా ధాతువు చేరఁగా నేర్పడి, సత్యమని మనసున నుంచుకొనుటను దెలుపును. తెలుఁగు క్రైస్తవులు శ్రద్ధను విడిచి విశ్వాసమును వాడుక చేసికొనుటచే, సిద్ధాంతాంగీకారముకంటె నొక వ్యక్తియందలి నిర్భయత్వమే యా పదమునఁ బ్రధానమైనది.

పిదప సమాధానశబ్దము. ధా ధాతువునకు ధాతుపాఠమున ధారణపోషణములు అర్థములు. దానికి సమ్, ఆఙ్ అను నుపసర్గములు చేరి, ల్యుట్ ప్రత్యయమువలన సమాధానశబ్ద మేర్పడుచున్నది. చెదరినదానిని చక్కఁగా నొక్కచోట నుంచుట దీని యవయవార్థము. ఈ యుపసర్గధాతువులకే కి ప్రత్యయము చేరినచో సమాధిశబ్ద మగును. శాస్త్రములలో సమాధానశబ్దమునకుఁ బెక్కు తావులు గలవు. తార్కికుల యొద్ద నాక్షేపసమాధానములు ప్రసిద్ధములు. నాట్యశాస్త్రమున ముఖసంధి యంగములలో సమాధాన మొకటి. బీజము తిరిగి చేకూరుట దాని లక్షణము. వేదాంతులు సాధకునకుఁ జెప్పిన శమాదిషట్కమున శమము, దమము, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ యనువాని పిదపఁ గడపటిది సమాధానము.

ఈ షట్కమును జక్కఁగాఁ బరికించినచో నొక విశేషము గోచరించును. శాంతిశబ్దమునకు మూలమైన శమ్ ధాతువునుండియే శమశబ్దమును బుట్టినది. వేదాంతులు శమమును మొదటను, సమాధానమును దుదను బెట్టిరి. నడుమఁ గష్టములను సహించుటయైన తితిక్షయు, నమ్మికయైన శ్రద్ధయు నున్నవి. అనఁగా శమము, సమాధానము అనునవి యొక్కటి కావని వారి మతము. శమ మనఁగా నలజడి యడఁగుట. సమాధాన మనఁగా నోర్పును, నమ్మికయుఁ గలిగిన పిదప మనసు కూడుకొని నిలుచుట. నీటిలోని యల లడఁగుట మొదటిది. పగిలిన కుండ పెంకులు తిరుగ నొక్కటి యగుట వంటిది రెండవది.

ఇప్పుడు బైబిలు మాటకు వత్తము. పాతనిబంధన మూలభాషయైన హెబ్రీలో శాలోమ్ అను శబ్దమునకు ధాతువు పూర్ణత్వమును, లోపములేమిని దెలుపును. క్రొత్తనిబంధన మూలమైన గ్రీకులో దీనికి బదులు ఐరీనీ శబ్దము వాడఁబడినది. ఆంగ్లమున నీ రెంటికి నొక్క మాటయే యున్నది. వాడుకలో నున్న పాత తెలుఁగు బైబిలులో రెండు మాటలు కనఁబడుచున్నవి. యోహాను సువార్త 14వ యధ్యాయమున, మరణమునకు ముందు రాత్రి శిష్యులను వీడుకొను క్రీస్తు నోట శాంతిశబ్దము వచ్చును. అదే సువార్త 20వ యధ్యాయమున, చెదరి, భయముచేఁ దలుపులు మూసికొన్న శిష్యుల నడుమఁ బునరుత్థితుఁడైన క్రీస్తు నిలిచి పలుకునప్పుడు సమాధానశబ్దము వచ్చును. మూలమున రెండు తావులందును నున్నది యొక్కటే పదము. తెలుఁగున మాత్రము వీడ్కోలువేళ నలజడి నడఁచుటకు శాంతియు, చెదరినవారు కూడుకొనువేళ సమాధానమును నిలిచినవి. అర్థౌచిత్య మింతకంటె నెట్లుండవలెను? బంధనమం దుండి పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ యధ్యాయమునఁగూడ సమాధానమే కలదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 5వ యధ్యాయారంభమున విశ్వాసము, సమాధానము, శ్రమ, ఓర్పు, నిరీక్షణ యను వరుస కనఁబడును. శమాదిషట్కమును జదివిన పండితునకు నీ వరుస పరిచితముగాఁ దోఁచుట సహజము.

ఐనను భేదమును మఱువరాదు. వేదాంతమున సమాధానము సాధకుఁడు తన చిత్తమును లక్ష్యమున నిలుపుకొను యత్నము. క్రైస్తవమున నది భగవంతుఁ డిచ్చు వరము. తెగిన సంబంధమును దైవమే తిరుగఁ గలుపుట. ఒకదాని కర్త సాధకుఁడు. వేఱొకదాని కర్త దేవుఁడు. శబ్ద మొక్కటైనంతనే సిద్ధాంతము లొక్కటి కావు. కాని కర్త మాఱినను ధాత్వర్థము మాఱలేదు. చెదరినది కూడుకొనుట రెండింటను సమానము. దక్షిణదేశభాషలును దీనికి సాక్షులు. తమిళ, మలయాళములలో సమాధానశబ్దము శాంతికి లోకప్రసిద్ధమైన పేరు, కన్నడమున నది యోదార్పు, నెమ్మది, మరాఠీలో సంతృప్తి. తెలుఁగునఁగూడ "సమాధానపడిరి", "సమాధానపఱచిరి" అను వాడుకలు మతభేదము లేక యందఱికిని గలవు. కలహించినవారు సమాధానపడుట యనఁగాఁ గూడుకొనుటయే గదా! ప్రత్యుత్తరార్థముగూడ దీనినుండియే వచ్చినది. సందేహము మనసును రెండుగాఁ జీల్చును; దానిని దీర్చునది సమాధానము. కాఁబట్టి బాలుని వాక్యమును దోషమని దిద్దుట న్యాయము కాదు.

మూఁడవది ఆదరణశబ్దము. ఈ శబ్దచరిత్రము తక్కినవానికంటె హృదయమునకుఁ జేరువైనది. దృ ధాతువునకు నాఙుపసర్గము చేరఁగా గౌరవించుట, లక్ష్యపెట్టుట యర్థము. రాజులు కవుల నాదరించిరి అనునప్పుడు మనమా యర్థముననే వాడుదుము. తెలుఁగు బైబిలులో ఆదరణ యనఁగా దుఃఖమున నోదార్పు. పరిశుద్ధాత్మకు ఆదరణకర్త యని పేరు. గౌరవవాచక మోదార్పువాచక మెట్లయ్యెను? ఈ యర్థవిస్తారమును వ్యాకరణముకంటె జీవితమే బాగుగా వివరించును. ఊరి వెలుపల నుంచఁబడినవాని దుఃఖమున సగపాలు ఆఁకలి; సగపాలు అవమానము. కూడు పెట్టినచో నాఁకలి తీఱును, అవమానము తీఱదు. తనను మనుష్యునిగా లక్ష్యపెట్టినవాఁడే యట్టివాని నోదార్పఁగలఁడు. వానికి గౌరవము, ఓదార్పు అనునవి రెండు వస్తువులు కావు. ఎడింబరోలో అజరయ్య కోరిన స్నేహమును, పల్లెజనుల నోటి యాదరణయు నొక్క యర్థమునే చెప్పుచున్నవి.

ఇచ్చట నొక యాక్షేపము వినఁబడును. ఈ జనులు మతము మాఱినది భక్తిచేతఁ గాదు, లౌకికలాభమున కని కొందఱందురు. 1936, 1937 సంవత్సరములలో సామూహికమతాంతరములగూర్చి గాంధీమహాత్ముఁడు తీవ్రమైన సందేహములను వెలిపుచ్చెను. అజరయ్య తన జనుల పక్షమునఁ బ్రత్యుత్తర మిచ్చెను. గాంధీగారి వాదమున ధర్మచింత గలదు. పేదఱికమును ఆసరాగాఁ గొని యాత్మను గొనరాదన్నది యెవ్వరును గాదనలేని మాట. క్రైస్తవులకుఁ బ్రత్యేకనియోజకవర్గములు వలదన్న అజరయ్యను రాజకీయలాభాపేక్షి యనుటయుఁ గుదురదు. అయితే లాభాపేక్షచే వచ్చిన మాటలు లాభము తీఱినతోడనే పోవును. కఱవు గంజికై వచ్చినవాఁడు వాన కురియఁగానే పోవలెను. దోర్నకల్లు సీమలోఁ గరవులు వచ్చినవి, పోయినవి, దొరతనములు మాఱినవి, పాటలు మాత్రము నిలిచినవి. ఒక తరము కాదు, మూఁడు నాలుగు తరముల నోట, పురుటింటను, పెండ్లియింటను, సమాధిచెంతను పాడఁబడుచున్న కీర్తనను గూలికై నేర్చిన పాట యనుట భాషాచరిత్రమునకు విరుద్ధము.

మఱియొక యాక్షేపము పండితులది. క్రైస్తవుల తెలుఁగు కృతకమనియు, పరభాషావాక్యములకు నీడయనియు వారందురు. అనువాదవాక్యములలో నట్టి దోషములు గల వని యొప్పుకొనవలసినదే. కర్మణిప్రయోగముల బాహుళ్యమును, విశేషణవాక్యముల దీర్ఘత్వమును దెలుఁగు చెవికి నెఱుకువగా నుండును. ఐనను అనువాదమును, కీర్తనను నొక్క త్రాసునఁ దూఁచరాదు. అనువాదకునకు మూలము సంకెల. కీర్తనకారునకు రాగమే దారి. ఇరువదవ శతాబ్దమున గుఱ్ఱం జాషువ (1895–1971) పద్యమున క్రీస్తు చరిత్రను 1958లోఁ బ్రకటింపఁగా, దానికి 1964లోఁ గేంద్ర సాహిత్య అకాడమి బహుమానము లభించెను. ఆ కావ్యము చదివినవారు తెలుఁగు ఛందమునకుఁ గ్రీస్తుకథ పరాయిదని యనఁజాలరు. సోమనాథుని ద్విపదనుగూడ నొకనాఁడు పండితులు చిన్నచూపు చూచిరి గదా.

అజరయ్య 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లునఁ గన్నుమూసెను. తాను నిర్మించిన దేవాలయపు నీడనే భూస్థాపితుఁ డయ్యెను. పెక్కేండ్లు పాటుపడిన సంఘైక్యమును జూచు భాగ్య మాయనకుఁ గలుగలేదు. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసున దక్షిణ ఇండియా సంఘ మేర్పడి, వేర్వేఱు శాఖల క్రైస్తవులు పెక్కుమంది యొక్కటైరి. చెదరినది కూడుకొనుట సమాధానమైనచో, ఆ దిన మా శబ్దమునకు భాష్యము. మఱుసటి యేఁటనే నైజాము రాజ్యము భారతదేశమునఁ గలసెను. 1956 నవంబరు 1వ తేదీన నాంధ్రప్రదేశమును, 2014 జూన్ 2వ తేదీనఁ దెలంగాణమును వచ్చినవి. ఇన్ని యేలుబళ్లు మాఱినను, తొర్రూరు పల్లెలనుండి మానుకోట, దోర్నకల్లు పల్లెల వఱకు నాదివారమున వినఁబడు సమాధానము, ఆదరణ, విశ్వాసము అను మాటలు మాఱలేదు.

ఇంతవఱకుఁ జూచినదానినిబట్టి తేలు సారాంశ మిది. ఈ సీమ క్రైస్తవభక్తికి గ్రంథము పాలస్తీనానుండి వచ్చినది. బోధకులు తిరునెల్వేలినుండి వచ్చిరి. కీర్తనలు శ్రీకాకుళపు దెసనుండి వచ్చినవి. ఊపిరి మాత్ర మిచ్చటిది. శరణాగతికి బాటను సోమనాథ పోతనలు ముందే వేసియుండిరి. శబ్దములకు ధాతువులు పాణినీయమున ముందే యున్నవి. అవమానమున నూఱట వెదకు హృదయమును వెట్టిబ్రతుకు ముందే సిద్ధపఱచెను. ఈ మూఁడు కలసినచోట సమాధానశబ్దము తన ప్రాచీనార్థముతోఁ దిరుగఁ బలికినది.

కాఁబట్టి నిఘంటుకారులు సమాధాన, ఆదరణ, విశ్వాస శబ్దములక్రిందఁ గ్రైస్తవకీర్తనల ప్రయోగములనుగూడ నుదాహరింపవలసి యున్నది. ఉపాధ్యాయులు బాలుని వాక్యమున నెఱ్ఱసిరా పెట్టుటకు ముందు, ఆ మాట వాని యింట నే పాటలో నే దుఃఖమువేళ వినఁబడినదో యించుక తలంపవలెను. ఒక జాతి తన కష్టకాలమున నిలుపుకొన్న మాట శాసనముకంటెఁ దక్కువ సాక్ష్యము కాదు. ఱాతిమీఁది యక్షరము ఎండవానలకు నరుగును. నోటిమీఁది కీర్తన ప్రతిమాఱును క్రొత్తగాఁ బుట్టును.